హార్ట్‌వెల్ తల్లిమఠంలో మూడు రోజులు

బస్సు దిగి చూస్తే
మంచులో మొక్కజొన్న మోళ్లు,
వాటి నడుమ ఎర్ర ఇటుకల మేడ.
నూట నలభై కిటికీలట.
దీపం ఉన్నవి ఆరు.

యాత్ర అంటే నాకు తెలిసింది వేరు.
గుణదల కొండ మెట్లు, చెమట,
గుండు మీద గంధం ఆరని చంటిపిల్లలు,
తప్పిపోయినవాళ్ల పేర్లు పిలిచే మైకు.
ఈ అయోవాలో
గాలి తప్ప గొంతెత్తేవాళ్లు లేరు.

గుమ్మంలో చెప్పులు విప్పబోయాను.
సిస్టర్ వాల్బర్గా నా పాదాలకేసి చూసి
పిచ్చిదాన్ని చూసినట్టు నవ్వి
లోపలికెళ్లి ఉన్ని మేజోళ్లు తెచ్చింది,
బొటనవేలి దగ్గర రెండుసార్లు కుట్లు పడ్డవి.

"శాశ్వత వ్రతాలకు ముందు
మన వేరు ఎక్కడుందో చూసిరా శౌరమ్మా"
అని పంపింది మా పెద్దమ్మగారు.
వేరు అంటే మదర్ ఒటీలియా.
మా నొవిషియేట్‌లో ఆమె పటానికి
రోజూ ఒక మందారం, నా వంతు మంగళవారం.
ఇక్కడ ఆమె భోజనశాలలో ఉంది,
టోస్టర్ పైన, కాస్త ఎడమకి ఒరిగి.
సరిచేశాను.
పొద్దున చూస్తే మళ్లీ ఒరిగింది.

రెండో రోజు సమాధులు.
నాలుగు వందల పన్నెండు రాళ్లు, అన్నీ ఒకే ఎత్తు.
మఠం కట్టినామెకీ
నలభై ఏళ్లు బంగాళాదుంపలు చెక్కినామెకీ
ఒకే కొలత.
నేను తెచ్చిన అగరొత్తులు గాలికి అంటుకోలేదు.
అగ్గిపుల్లలు అయిపోయేదాకా గీశాను,
మోకాళ్లు తిమ్మిరెక్కేదాకా ఉన్నాను.
అబద్ధమెందుకు, ఏమీ అనిపించలేదు.
మధ్యాహ్నం సూపులో ఉప్పు లేదనిపించింది,
అంతే.

మూడో రోజు
"వంట సాయమైనా సరే, ఏదో ఒక పని ఇవ్వండి" అన్నాను.
రోగుల గదుల్లోకి పంపారు.
సిస్టర్ లియొకాడియా, తొంభై నాలుగేళ్లు,
దుప్పటి కింద పిట్టంత ఒళ్లు.
"రెండేళ్లయింది ఇంగ్లీషు పోయి" అంది నర్సు,
"ఏవో శబ్దాలు చేస్తుంది, అర్థం ఉండదు,
నువ్వు స్పూను పెడుతూ ఉండు."

స్పూను పెట్టబోతే
నా మణికట్టు పట్టుకుంది.
పడిపోకుండా పట్టుకునే పట్టు కాదు,
నాడి చూసే పట్టు.

"యాడ నొప్పి?"

ఓట్స్ గంజి దుప్పటి మీద ఒలికింది.

"ఎన్నాళ్ల నుంచి?
బిడ్డ కదుల్తుందా?
పాలు పడ్డయ్యా?
ఏడవమాక, ఏడిస్తే జొరం దిగుద్దా?"

పల్నాడు యాస, ముక్క చెక్కుచెదరలేదు.
ఆమె అక్కడ ఇరవై ఏడేళ్లు కాన్పులు చేసిందని
ఎవరైనా చెప్పారేమో, నేను వినలేదేమో.
రెండేళ్లుగా ఈ గదిలో
మా ఆసుపత్రి వరండా నడుస్తూనే ఉంది,
చీటీలు పట్టుకున్న ఆడవాళ్లతో, బల్ల కింద కోడితో,
జవాబు చెప్పేవాళ్లు ఒక్కరూ లేక.

"నాకేం నొప్పి లేదమ్మా" అన్నాను.
నమ్మలేదు.
అక్కడ మా ఆడవాళ్లంతా మొదట అదే అనుంటారు.
వేళ్లు ఇంకాస్త బిగించి ఎదురుచూసింది.

చెప్పాను.
మోకాలు అన్నాను. నిద్ర పట్టదన్నాను.
తర్వాత, ఎవరికీ చెప్పనిది:
వ్రతం పుచ్చుకునే రోజు దగ్గరపడేకొద్దీ
గొంతు దగ్గర ఏదో అడ్డుపడుతోందమ్మా,
అది భయమో, పిలుపు లేకపోవడమో తెలియటం లేదు.

శ్రద్ధగా విని తలూపింది.
"మూడు పూటలా ఏసుకో.
బేస్తారం మళ్లీ రా."

బేస్తవారం నా విమానం.
వస్తానన్నాను.

నా చెయ్యి వదిలి తలుపుకేసి చూసింది.
"ఎనకాలోళ్లని రమ్మను, పొద్దుపోతంది."

తలుపు తీశాను.
నడవ పొడవునా మూసిన గదులు.
సిస్టర్ వాల్బర్గా ఒక్కతే
నేల తుడిచే కర్రకి ఆనుకుని
నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"నిన్నే" అన్నాను. "రమ్మంటోంది."